మస్టర్ పడింది సరే, ఫేస్ మీద ఎంతసేపు?

రామగుండం జ్యోతినగర్‌లో ఎన్టీపీసీ చిమ్నీలు కనబడని వీధి లేదు. కరోనా తర్వాత ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్న పిల్లలు కనబడని వీధి కూడా లేకుండా పోయింది. హైదరాబాద్, బెంగళూరు కంపెనీలకు ఇక్కడి నుంచే పని చేస్తున్నవాళ్లు కొందరు, వారానికి రెండు రోజులు రైలెక్కి పోయేవాళ్లు కొందరు. వాళ్లు నలుగురు కలిస్తే వినిపించే గోడు ఒకటుంది: ఫలానా టూల్ కొనివ్వమంటే మేనేజ్‌మెంట్ ఒప్పుకోవడం లేదు, దాని ఖర్చుకు జస్టిఫికేషన్ అడుగుతోంది.

నా సర్వీసంతా ఆ జస్టిఫికేషన్లు రాయడంలోనే గడిచింది. సింగరేణి బొగ్గు బాయిల్లో ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్ పని నాది. స్టాప్‌వాచ్ పట్టుకుని బాయి దిగడం, ఎవరి పని ఎక్కడ ఎందుకు ఆగుతోందో రాయడం, పైకొచ్చి ఫలానా యంత్రం కొంటే ఎంత ఖర్చు, ఎంత ఫలం అని నోట్ పెట్టడం. కోడ్ రాయడం నాకు రాదు. నా మేనల్లుడు ఆ మాటే అన్నాడు: "మా దాంట్ల బొగ్గు లేదు, బరువు లేదు మామా. నీ లెక్కలు మాకు పనికొస్తయా?" పనికొస్తాయో లేదో వాడే తేల్చుకోవాలి. వాడి కోసం రాసుకున్న కాగితాలనే కొంచెం సరిచేసి ఇక్కడ పెడుతున్నాను.

1. ముందు ఆగిన గంటలు రాయి

షిఫ్టు ఎనిమిది గంటలు. మస్టర్, అంటే హాజరు, పడాలి, క్యాప్ ల్యాంప్ తీసుకోవాలి, బాయి దిగాలి, బొగ్గు కొట్టే చోటు, అంటే ఫేస్ దాకా నడవాలి. బొగ్గు తీసినకొద్దీ ఫేస్ ఏటేటా దూరం జరుగుతుంది. కార్మికుడు అతనే, నైపుణ్యం అదే, జీతం ఇంకాస్త పెరుగుతుంది. ఫేస్ మీద చేతులాడే గంటలు మాత్రం తగ్గుతాయి. మ్యాన్ రైడింగ్ చైర్లు ఇందుకోసం వచ్చినవే. ఆ కుర్చీ ఒక్క పెళ్ల బొగ్గు కొట్టదు. అయినా రానూ పోనూ నడకలో పోయే సమయాన్ని ఫేస్‌కు తిరిగి ఇస్తుంది, మనిషి అలసిపోకుండా పనికి చేరతాడు.

మీ దగ్గరా ఆ నడక ఉంది. బిల్డ్ అయ్యేదాకా చూడటం, టెస్ట్ సర్వర్ ఖాళీ అయ్యేదాకా చూడటం, యాక్సెస్ కోసం టికెట్ వేసి రెండు రోజులు ఆగడం, పాత ల్యాప్‌టాప్ మూలుగుతూ తెరుచుకోవడం. మేము ఆగిన సమయాన్ని కారణాల వారీగా గడులు గీసి రాసేవాళ్లం: బొగ్గు టబ్బులు లేక, వాటిని లాగే హాలర్ ఆగి, కరెంటు లేక, బ్లాస్టింగ్ కాక, రూఫ్ డ్రెస్సింగ్ కోసం. మీరూ గడులు గీయండి. ఒక నియమం తప్పదు: ఆగినప్పుడే రాయాలి. సాయంత్రం కూర్చుని గుర్తు తెచ్చుకుంటే చికాకు పెట్టిన ఆటంకం పెద్దదిగా, రోజూ అలవాటైపోయిన ఆటంకం చిన్నదిగా పడుతుంది. అసలు దండుగ ఎక్కువగా ఆ అలవాటైన దాంట్లోనే ఉంటుంది.

ఇలా రాశాక తేలేది ఒక్కోసారి విచిత్రంగా ఉంటుంది. అడగాలనుకున్న టూల్‌కూ ఎక్కువ గంటలు తింటున్న కారణానికీ సంబంధమే ఉండదు. యాక్సెస్ టికెట్ల దగ్గర ఆగుతున్న పనికి కోడ్ రాసే టూల్ కొంటే ఏం లాభం? అక్కడ కావలసింది డబ్బు ఖర్చు లేని ఒక సర్క్యులర్.

2. గడియారం మనిషి మీద పెట్టొద్దు

భూగర్భంలో ఫిల్లర్లు తట్టా చెమ్మస్‌తో బొగ్గెత్తి టబ్బులు నింపే రోజుల్లో కూలి టబ్బుల లెక్కన. అలాంటి పని దగ్గర స్టాప్‌వాచ్ తీస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఈ రోజు వేగం చూపిస్తే రేపు రేటు కోస్తారని ప్రతి కార్మికుడికీ తెలుసు. చేతులు నెమ్మదిస్తాయి. గుట్కా తినడానికి టైమ్ పడుతుంది. లెక్క పాడవుతుంది, నమ్మకం కూడా పోతుంది.

ఎవరు రోజుకు ఎన్ని లైన్లు రాశారు, ఎన్ని టికెట్లు మూశారు అని చూసే లెక్కతో టూల్‌ను సమర్థించబోతే మీ తోటివాళ్లే మీకు అడ్డం తిరుగుతారు. బిల్డ్ ఎంతసేపు పట్టింది, రివ్యూ ఎన్ని రోజులు పడి ఉంది, సర్వర్ ఎన్నిసార్లు ఆగింది అని యంత్రాన్నీ క్యూనూ కొలిస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు. 2021లో నికోల్ ఫోర్స్‌గ్రెన్ బృందం సాఫ్ట్‌వేర్ ఉత్పాదకత మీద స్పేస్ అనే చట్రం ప్రతిపాదించింది. ఏ ఒక్క అంకెతోనూ డెవలపర్ పనిని కొలవలేమన్నది అందులోని ముఖ్యమైన మాట. స్టాప్‌వాచ్ పట్టుకుని తిరిగిన మాకు అది కొత్త సంగతేం కాదు.

3. "బాగుంది" అన్నది సాక్ష్యం కాదు

2025లో మీటర్ అనే పరిశోధన సంస్థ ఒక ప్రయోగం చేసింది. 16 మంది అనుభవజ్ఞులతో, వాళ్లు ఏళ్ల తరబడి పని చేసిన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లోనే 246 పనులు చేయించింది. కొన్నింటికి ఏఐ టూల్స్ వాడొచ్చు, కొన్నింటికి వాడకూడదు. ఏది దేనికన్నది చీటీ తీసినట్టు నిర్ణయించారు. 24 శాతం సమయం తగ్గుతుందని వాళ్లు ముందుగా అంచనా వేశారు. పని అయ్యాక అడిగితే 20 శాతం తగ్గిందని చెప్పారు. గడియారం చూస్తే టూల్ వాడిన పనులకు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది.

ఇది చూపించి టూల్స్ అన్నీ బూటకమని కొట్టేసే మేనేజర్లున్నారు. వాళ్లకు ఇంకో ప్రయోగం చూపించొచ్చు. గిట్‌హబ్ 2022లో 95 మందితో చేయించింది. జావాస్క్రిప్ట్‌లో ఒక చిన్న హెచ్‌టీటీపీ సర్వర్ రాయమంటే కోపైలట్ ఉన్నవాళ్లు 55.8 శాతం తక్కువ సమయంలో ముగించారు. అమ్మేవాడు చేయించిన ప్రయోగం అన్నది గుర్తుంచుకోవాలి. అయితే అది అబద్ధమని నేననను. గిట్‌హబ్‌ది కొత్తగా మొదలుపెట్టే చిన్న పని, మీటర్‌ది లోతుగా తెలిసిన పాత పెద్ద కోడ్.

మాకు యంత్రాల కేటలాగులు వచ్చేవి. గంటకు ఇన్ని టన్నులు అని రాసి ఉండేది. ఏ సీమ్‌లో, అంటే ఏ బొగ్గు పొరలో? ఎంత వాలులో? రూఫ్ ఎలాంటిది? నీళ్లున్నాయా? ఇవి అడగకుండా కేటలాగు అంకెను నోట్‌లోకి ఎత్తి రాసేవాడిని మేము ఇంజినీర్ల లెక్కలో వేసుకునేవాళ్లం కాదు. మీ సీమ్‌లో మీరే కొలవాలి. సగం పనులు టూల్‌తో, సగం పనులు లేకుండా, ఏది దేనితో అన్నది మీ ఇష్టానికి వదలకుండా. సులువైన పనులన్నీ టూల్ వైపు నెట్టి గెలిపించడం చాలా తేలిక. ఫైనాన్స్ వాళ్లకు కోడ్ తెలియకపోవచ్చు గానీ ఈ మోసం పట్టేంత తెలివి ఉంటుంది.

4. మిగిలిన సమయం ఎక్కడికి పోతుందో చూపించు

అన్నింటిలోకీ ముఖ్యమైంది ఇదే. చాలా నోట్లు ఇక్కడే పడిపోతాయి.

పిల్లలు వేసే లెక్క ఇలా ఉంటుంది. ఒక డెవలపర్ మీద కంపెనీకి నెలకు లక్షన్నర ఖర్చనుకుందాం. 22 రోజులు, రోజుకు 8 గంటలు, మొత్తం 176 గంటలు. గంటకు దాదాపు 850 రూపాయలు. డాలర్లలో కట్టే టూల్ చందా పన్నుతో కలిపి మనిషికి నెలకు సుమారు 1,900 రూపాయలనుకుందాం. రోజుకు ఆరు నిమిషాలు మిగిలితే ఖర్చు తిరిగొచ్చినట్టే. టీ తాగే సమయం కూడా కాదు. ఇంకేం కావాలి?

లెక్కలో తప్పులేదు, అయినా సంతకం పడదు. యాభై మందికి రోజుకు అరగంట చొప్పున మిగిలితే పాతిక గంటలు. "ఆ పాతిక గంటలు ఎక్కడున్నాయి, చూపించు" అని మేనేజర్ అడుగుతాడు. జీతాల బిల్లు తగ్గలేదు. రిలీజ్ ముందుకు జరగలేదు. అరగంట అంటే అయిదేసి నిమిషాల ఆరు ముక్కలైతే అది ఎక్కడా పోగవదు. ఒకే దగ్గర అరగంట పట్టే బిల్డ్ పది నిమిషాలకు తగ్గితే ఆ మిగులు కంటికి కనబడుతుంది. మ్యాన్ రైడింగ్ చైర్ ఇచ్చేది అలాంటి ముక్కలు కాని సమయం. అందుకే దాన్ని సమర్థించడం తేలికైంది.

ఇక రెండో చిక్కు: ఒక్కచోట వేగం పెరిగినా మిగతావి అందుకోకపోతే ఫలం రాదు. పొడవాటి ఫేస్‌ను యంత్రంతో కోసే లాంగ్‌వాల్ పద్ధతి సింగరేణిలో 1983లో గోదావరిఖని ఏడో ఇంక్లయిన్‌తో మొదలైంది. అక్కడి నుంచి 2014లో బొగ్గు మొదలైన అడ్రియాల లాంగ్‌వాల్ దాకా ఆ యంత్రం చాలా పెద్దదైంది: సుమారు 250 మీటర్ల పొడవు ఫేస్, దాని వెంట వరుసగా నిలబడి రూఫ్‌ను మోసే షీల్డులు, బొగ్గును చెక్కుకుంటూ పోయే షియరర్. చూస్తే ఎవరికైనా కళ్లు తిరుగుతాయి. కానీ షియరర్ కోసిన బొగ్గు ముందు ఫేస్ కన్వేయర్ మీద పడాలి, గేట్ రోడ్డులో బెల్టు దాన్ని అందుకోవాలి, ఆపైన బెల్టులన్నీ ఆగకుండా తిరగాలి, బంకర్‌లో చోటుండాలి. విద్యుత్ కేంద్రానికి పోయే బొగ్గయితే ఎంజీఆర్ రేక్, అంటే గనికీ విద్యుత్ కేంద్రానికీ మధ్య తిరిగే బొగ్గు రైలు, వచ్చి కింద నిలబడాలి. వీటిలో ఏది ఆగినా షియరర్ ఆగుతుంది. పైగా ఒక ప్యానెల్ అయిపోయేలోపు తర్వాతి ప్యానెల్‌కు గేట్ రోడ్లు తవ్వి సిద్ధంగా ఉంచాలి, లేకపోతే అంత ఖరీదైన సరంజామా ఎదురుచూస్తూ కూర్చుంటుంది. లాంగ్‌వాల్ లెక్క రాసేవాడు షియరర్ గురించి ఒక పేజీ, బెల్టుల గురించీ గేట్ రోడ్ల గురించీ పది పేజీలు రాయాలి.

కోడ్ రాసే వేగం పెంచే టూల్ మీ షియరర్. రాసిన కోడ్ రివ్యూకు పోవాలి, టెస్టింగ్‌కు పోవాలి, సెక్యూరిటీ వాళ్లు చూడాలి, రిలీజ్ కమిటీ కూర్చోవాలి. రివ్యూ చేసేవాళ్లు ఇద్దరే ఉన్నచోట కోడ్ రెట్టింపు అయితే వాళ్ల ముందు గుట్ట పెరుగుతుంది తప్ప వినియోగదారుడికి ముందుగా చేరేదేమీ లేదు. అందుకని నోట్‌లో ఒక బొమ్మ గీయండి: పని పుట్టినచోటు నుంచి వినియోగదారుడి చేతికి చేరేదాకా ఏ గదిలో ఎన్ని రోజులు. బెల్టు ఎక్కడ సన్నగా ఉందో దానికే ముందు డబ్బడగండి. నా మేనల్లుడు ఈ బొమ్మ గీసి చూసి కోడ్ టూల్ సంగతి పక్కన పెట్టాడు. టెస్టులు ఏకకాలంలో నడిపే సర్వర్ల కోసం నోట్ పెట్టాడు.

5. మనుషుల్ని తగ్గిస్తానని రాయకు

పైవాళ్లు అడుగుతారు: "ఇంత మిగిలితే ఎంతమంది తగ్గుతారు?" ఆశ చూపించి సంతకం పెట్టించుకోవాలనిపిస్తుంది. ఆ పని చేయకూడదు.

చేత్తో బొగ్గెత్తే హ్యాండ్ సెక్షన్లు పోయి ఆ పని చేసే ఎస్‌డీఎల్, ఎల్‌హెచ్‌డీ యంత్రాలు వచ్చిన కాలం చూసినవాళ్లు ఇక్కడ ఇంటికొకరున్నారు. 1990 ప్రాంతంలో సింగరేణిలో లక్షా పది వేల పైచిలుకు మంది ఉండేవారు, ఏడాది బొగ్గు రెండు కోట్ల టన్నులలోపు. 2023-24లో కంపెనీ రోల్స్‌లో నలభై వేల చిల్లర మంది, ఉత్పత్తి ఏడు కోట్ల టన్నులు. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి యంత్రాల మహిమ అని ఉపన్యాసాలిచ్చేవాళ్లను విన్నాను. అందులో పెద్ద భాగం పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టులది. భూగర్భంలో ఓఎంఎస్, అంటే ఒక మనిషి ఒక షిఫ్టుకు తీసే బొగ్గు, ఒక టన్ను పైన కొంచెం. ఓపెన్‌కాస్టులో పది టన్నులు దాటుతుంది. బొగ్గు మీది ఓబీ మట్టి తీసే కాంట్రాక్టు కార్మికులు ఆ నలభై వేలలో లేరు కూడా. యంత్రం వల్ల వచ్చిందెంత, గని పద్ధతి మారడం వల్ల వచ్చిందెంత, లెక్కలోంచి మనుషుల్ని బయటికి జరపడం వల్ల కనబడుతున్నదెంత అన్నది విడదీయకుండా మాట్లాడితే అది ఉపన్యాసమే.

మీ నోట్‌లోనూ ఈ విభజన ఉండాలి. టూల్ వచ్చిన నెలలోనే ఇద్దరు సీనియర్లు చేరారు, ఒక పాత క్లయింట్ పోయాడు, పని తేలికైంది. అప్పుడు పెరిగిన వేగమంతా టూల్ ఖాతాలో వేస్తే, వచ్చే ఏడాది అది తగ్గినప్పుడు ఎవరు జవాబు చెప్పాలి?

మనుషుల తగ్గింపు మాట వస్తే టూల్ మూలకు పడుతుంది, అది కూడా చూశాం. తన పని పోగొట్టే యంత్రాన్ని ఏ మనిషీ బాగా నడపడు. దానివల్ల వచ్చిన లాభంలో తనకూ వాటా ఉందంటే నడుపుతాడు. 2023-24 లాభంలో విస్తరణకు పక్కన పెట్టింది పోగా మిగిలిన 2,412 కోట్లలో 33 శాతం, అంటే 796 కోట్లు, సింగరేణి కార్మికులకు పంచారు. లాభాల బోనస్ వచ్చిన వారం గోదావరిఖని బంగారం దుకాణాలు చూసినవాళ్లకు ఈ సంగతి విడిగా చెప్పక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో వాటా అంటే రూపాయలే కానక్కర్లేదు. మిగిలిన గంటల్లో కొంత పాత కోడ్ బాగుచేసుకోవడానికి వదులుతామని నోట్‌లోనే రాయించుకోండి.

6. ఖర్చు మొత్తం రాయి, నీకు నష్టమైనా

ఫ్రెడరిక్ టేలర్ అమెరికాలో బెత్లెహామ్ స్టీల్ యార్డులో పారల మీద చేసిన అధ్యయనం గురించి 1911 నాటి తన పుస్తకంలో రాశాడు. అప్పటిదాకా కార్మికులు ఎవరి పార వాళ్లే తెచ్చుకునేవారు. ఒక్కో పారకు 21 పౌన్ల బరువు పడితే రోజు మొత్తం మీద ఎక్కువ పని జరుగుతుందని తేల్చి, బరువు సరకుకు చిన్న పార, తేలిక సరకుకు పెద్ద పార కంపెనీయే ఇచ్చేలా ఒక గది పెట్టించాడు. టన్నుకు అయ్యే ఖర్చు ఏడు సెంట్ల పైనుంచి మూడు సెంట్ల పైకి దిగిందని ఆయన లెక్క. టేలర్ చెప్పిన కథల మీద తర్వాతి చరిత్రకారులకు అనుమానాలున్నాయి, కార్మికుల గురించి ఆయన రాసిన తీరు నాకు నచ్చదు. అయినా ఆ లెక్కలో ఒక మంచి గుణం ఉంది. పారల గది ఖర్చు, లెక్కలు రాసే గుమస్తాల జీతాలు, ప్లానింగ్ ఆఫీసు ఖర్చు కూడా ఆ మూడు సెంట్లలోనే కలిపానని రాశాడు.

మీరు చందా ఒక్కటే రాసి ఊరుకోకండి. నేర్చుకునే రెండు వారాలు పని తగ్గుతుంది, అది రాయండి. దాన్ని నడిపించే మనిషి సమయం రాయండి. 18 శాతం జీఎస్టీ రాయండి. అందులో ఎంత తిరిగి జమ అవుతుందో ఫైనాన్స్ వాళ్లను ముందే అడగండి. డాలర్ రాయండి: 2014లో అరవై రూపాయల దగ్గరున్నది పదేళ్లకు ఎనభై మూడు దాటింది, చందా ధర మారకపోయినా మన ఖర్చు మూడో వంతుకు పైగా పెరిగినట్టే. రెండో ఏడాది కంపెనీ ధర పెంచితే ఏం చేస్తారో, మన డేటా తీసుకుని బయటికి రావాలంటే ఎన్ని రోజులు పడుతుందో కూడా రాయండి. విదేశీ యంత్రాలకు స్పేర్లు ఎక్కడి నుంచి వస్తాయి, ఎన్ని నెలల్లో వస్తాయన్నది మొదటి పేజీలోనే రాయాలని మా పెద్దలు పట్టుబట్టేవారు. వాళ్ల చాదస్తం అనుకునేవాళ్లూ ఉండేవారు. నేను ఆ చాదస్తం పక్షమే.

7. 85 శాతం మీద కూడా నిలబడాలి

బొగ్గు ప్రాజెక్టుల నివేదికల్లో మంచి ఆనవాయితీ ఒకటుంది. లాభదాయకతను నూరు శాతం ఉత్పత్తి మీద ఒకసారి, 85 శాతం మీద మరోసారి లెక్కగడతారు. వంద లైసెన్సులు కొంటే వందమందీ వాడరు. మీరు ఇంకా కఠినంగా ఉండి అరవై మందే వాడితే ఏమవుతుందో రాయండి. అప్పుడూ లెక్క నిలబడితే సంతకం సగం పడ్డట్టే.

8. చట్టం పద్దును ఇందులో కలపకు

గనిలో మీథేన్ కొలిచే పరికరానికి పేబ్యాక్ ఎంత అని ఎవరూ అడగరు. నిబంధన ఉంది, కొనాలి. మీ దగ్గర కూడా అలాంటివి ఉన్నాయి. సైబర్ ఘటన తెలిసిన ఆరు గంటల్లో తెలియజేయాలనీ లాగ్‌లు 180 రోజులు దాచాలనీ ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశమిచ్చింది. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో జరిమానా 250 కోట్ల దాకా ఉంది. లాగ్‌లు దాచే టూల్‌కూ, కోడ్‌లో లోపాలు వెతికే స్కానర్‌కూ ఉత్పాదకత పేరు పెట్టి దొంగ లెక్కలు అల్లకండి. వాటిని వేరే కాగితం మీద, నిబంధన నంబరు వేసి పంపండి.

9. పక్కనున్నవి కుదరకపోతే గొప్ప యంత్రమూ ఓడిపోతుంది

ఇక్కడికి దగ్గరలోనే ఎఫ్‌సీఐ ఎరువుల కర్మాగారం ఉండేది. మన బొగ్గుతోనే ఎరువు, ఆలోచన ఎంత బాగుందో! ఒడిశాలో తాల్చేరులో ఒకటి, రామగుండంలో ఒకటి, బొగ్గును గ్యాస్‌గా మార్చి అమోనియా, యూరియా తీసే పెద్ద కర్మాగారాలు. రామగుండంలో 1980లో ఉత్పత్తి మొదలైంది. సాంకేతికత ఇక్కడి పరిస్థితులకు కుదురుకోలేదు, పరికరాలు మొరాయించాయి, కరెంటు నిలకడగా రాలేదు. 1999లో మూతపడింది. ఆ కాలనీల్లో పెరిగిన పిల్లలకు ఆ మూత అంటే ఏమిటో ఇప్పటికీ తెలుసు. అదే ఆవరణలో సహజవాయువుతో నడిచే ఆర్‌ఎఫ్‌సీఎల్ కర్మాగారం 2021లో ఉత్పత్తికి వచ్చింది. యూరియా అదే, ఊరు అదే, అడుగున ఉన్న ఏర్పాటు మారింది.

బొగ్గును గ్యాస్‌గా మార్చడమే తప్పు ఆలోచన అని దీని అర్థం కాదు. 2030 నాటికి పది కోట్ల టన్నులు అలా వాడాలని దేశం ఇప్పుడు లక్ష్యం పెట్టుకుంది. అయితే పక్క కంపెనీలో బ్రహ్మాండంగా నడుస్తున్న టూల్ మీ దగ్గర నడవాలంటే అక్కడ దాని చుట్టూ ఏమేం ఉన్నాయో చూసి రావాలి. వాళ్లకు టెస్టులు రాసే అలవాటుందా? కోడ్ ఒకేచోట ఉందా? నెట్ ఎలా ఉంది? పదిహేనేళ్ల పాత కోడ్, ఒక్క టెస్టు లేదు, రాసినవాళ్లు ఎప్పుడో మానేశారు అనే చోట ఆ టూల్ వేరేలా ప్రవర్తిస్తుంది.

10. తీసేయవలసింది కూడా నోట్‌లో పెట్టు

కొత్త యంత్రం కోసం ఇండెంట్ పెట్టేటప్పుడు పాతది ఎప్పుడు సర్వే ఆఫ్ అవుతుందని అడిగేవారు. పనికిరాని యంత్రాన్ని లెక్కల్లోంచి అధికారికంగా తీసేయడమే సర్వే ఆఫ్. దానికో కమిటీ, సంతకాలు, తేదీ ఉండేవి. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఈ పద్ధతి నేను విన్నంతవరకు తక్కువ. ఎవరో ఎప్పుడో కొన్న చందాలు కార్డు మీద నెలనెలా పోతూనే ఉంటాయి. అడిగినవాడు ఉద్యోగం మానేసి వెళ్లినా చందా మానదు.

కొత్త టూల్ అడిగే నోట్‌లో మొదటి పేరా పాత టూల్స్ గురించి ఉండాలని నా సలహా. ఏవి ఎవరూ వాడటం లేదు, ఏ రెండు ఒకే పని చేస్తున్నాయి, వేటిని ఏ నెలలో ఆపుతాం. ఒక్కోసారి ఆ మిగులుతోనే కొత్తది వచ్చేస్తుంది. రాకపోయినా చదివేవాడి కళ్లలో మీరు మారిపోతారు. అంతవరకు మీరు చేయి చాచిన పదిమందిలో ఒకరు. కంపెనీ డబ్బును లెక్కచూసేవాడిగా ఇప్పుడు కనిపిస్తారు.

మేనేజ్‌మెంట్ పిసినారి అని పిల్లలంటారు. నేనలా అనుకోను. వాళ్లు అంతకుముందు ఎన్నో నోట్ల మీద సంతకం పెట్టారు. ప్రతిదాంట్లోనూ ముప్పై శాతం పెరుగుతుందని ఉంది. ఆరు నెలల తర్వాత ఎవరూ తిరిగొచ్చి పెరిగిందో లేదో చెప్పలేదు. అలా నాలుగుసార్లు జరిగాక అయిదో నోట్ నిజమైనదే అయినా ఎలా నమ్ముతారు? మీ ముందువాళ్లు చేసిన బాకీ మీరు తీర్చవలసి వస్తోంది.

తీర్చే దారి ఉంది. మూడు నెలలకు పదిమందికే అడగండి. ఏ అంకె ఎంతకు చేరితే ఉంచుతామో, చేరకపోతే ఏ తేదీన ఆపేస్తామో ముందే రాయండి. ఆ తేదీన ఎవరూ అడగకముందే ఒక్క పేజీ పంపండి. అంకె చేరకపోతే ఆపండి, నిజంగానే ఆపండి. నా మేనల్లుడి స్నేహితురాలు ఒకమ్మాయి ఇలాగే ఒక టూల్ ఆపేయించింది. "పని చేయలేదు, వద్దు" అని తనే రాసింది. "పరువు పోతదేమో అనుకున్న పెదనాయినా," అంది నాతో. తర్వాత ఆమె అడిగింది మొదటిదానికి మూడింతల ఖర్చు. రెండు ప్రశ్నలు వేసి ఇచ్చేశారట.

11. ఒక్క పేజీ

మామూలుగా చదివేవాడికి మీ టూల్ పేరు కూడా కొత్త. పేజీ పైన: ఇప్పుడు ఏం ఆగుతోంది, దానివల్ల నెలకు ఎంత పోతోంది. మధ్యలో: ఎంత కావాలి, క్యాపిటల్ పద్దా రెవెన్యూ పద్దా. కింద: ఏ తేదీన ఏ అంకె చూపిస్తాను. కొనకపోతే ఏమవుతుందన్నది కూడా ఒక వరుస రాయండి, ఏమీ కాదంటే అదే రాయండి. విప్లవాత్మకం, అత్యాధునికం లాంటి మాటలు కొట్టేయండి. ఆ మాటలున్న నోట్‌ను మా ఫైనాన్స్ ఆఫీసరు ఒకాయన పెన్సిల్‌తో సున్నాలు చుట్టి వెనక్కి పంపేవాడు, ఒక్క ముక్క రాయకుండా.

12. ఎప్పుడు అడగాలి

బడ్జెట్ ఖరారయ్యాక ఏప్రిల్‌లో అడిగితే ఎంత మంచి నోట్ అయినా "వచ్చే ఏడు చూద్దాం" అంటారు. అంచనాలు కట్టే రోజుల్లో, మన దగ్గర చాలాచోట్ల దసరా దాటాక, ముందుగా ఒక వరుస పెట్టించుకోవాలి. మొత్తం ఎంతో తేలకపోయినా పద్దు పేరు ఉంటే చాలు. ఫిబ్రవరి, మార్చిలో ఖర్చు కాని డబ్బు ఎక్కడైనా మిగిలితే నోట్ సిద్ధంగా ఉన్నవాడికే అది దొరుకుతుంది. అమెరికా కంపెనీలకు పనిచేసే పిల్లలకు ఏడాది డిసెంబర్‌తో ముగియొచ్చు, కొన్నింటికి సెప్టెంబర్‌తో. మీ కంపెనీది ఎప్పుడో మీ అకౌంట్స్ వాళ్లను అడగండి. నా మేనల్లుడికి ఉద్యోగంలో చేరి ఆరేళ్లయినా ఆ సంగతి తెలియదు. పొద్దున ఫోన్ చేసి కనుక్కున్నాడు, జూన్‌తో ముగుస్తుందట.